బడి నేమము

ఓం శ్రీ గురు బసవలింగాయ నమః



పాల్కురికి సోమనాథుడు ద్విపదలో సంతరించిన బసవపురాణమునందలి గొడగూచి కథను వినని వీరశైవ గృహము తెలుగునాట ఉండదనుకొందును. తండ్రి శివభక్తుడు. ప్రతిదినము శివునికి పాలు ఆరగింపు చేయుట ఆయన నేమము. ఒకప్పుడు ఆయనకు పొరుగూరు పోవలసిన పని కలిగెను. పోవుచు చిన్నపిల్లయైన తన కూతును పిలిచి, తాను తిరిగి వచ్చునంతవరకు దినదినము పాలు కొనిపోయి స్వామికి ఆరగింపు చేసి రమ్మని చెప్పి వెడలెను. ఆరగింపు అనగా దేవుడు నిజముగా త్రాగుననియే ఆ పసిదానికి తెలిసినది. స్వామి త్రాగలేదు. పిల్ల బ్రతిమాలినది, బుజ్జగించినది, తండ్రి కోపగించుకొనునని వెక్కివెక్కి ఏడ్చినది. ఆ ఏడ్పునకు కరగి శివుడు ఆ పాలు త్రాగినాడు.

పురాణము చెప్పువారందరును ఈ కథలో గొడగూచి ముగ్ధభక్తినే పొగడుదురు. అది న్యాయమే. అయితే ముప్పది యేండ్లుగా ప్రతి ఉదయము హాజరుపట్టీ తెరచి పేరుపేరున పిల్లలను పిలుచుచున్న నాకు మాత్రము దృష్టి ఆ తండ్రి మీదికి పోవుచుండును. ఊరికి పోవుచు ఆయన "నాలుగు దినములే గదా, వచ్చిన పిమ్మట చూచుకొందము" అనలేదు. నాలుగు దినముల పాలు ఒక్కసారిగా తెచ్చి పోసినచో సరిపోవునని లెక్క వేసికొనలేదు. తాను కదలినను నేమము కదలరాదని, ఇంటిలో ఉన్న చిన్న చేతులకు దానిని అప్పగించి మరీ పోయినాడు.

మన ఇండ్లలో జరుగునది దీనికి విపర్యయము. తండ్రికి ప్రయాణము తటస్థించినచో మొట్టమొదట తెగునది బిడ్డ బడి నేమమే. మేనమామ ఇంట గృహప్రవేశము, బడి మానుము. జాతర, మానుము. అవ్వకు కన్ను ఆపరేషను, తోడుండుటకు బిడ్డ పోవలెను, మానుము. మహాశివరాత్రికి బడికి సెలవు ఒక్క దినమే. మన పిల్లలు శ్రీశైలము పోయి వచ్చుటకు ఆరు దినములు పట్టును. మల్లికార్జునుని దర్శనమునకు నేను అడ్డు చెప్పువాడను కాను. నేనును నడచి పోయినవాడనే. కాని ఆ ఆరు దినములలో తరగతిలో భిన్నముల కూడిక మొదలై ముగిసిపోవునన్న సంగతి యాత్రకు బయలుదేరునప్పుడు ఎవ్వరికిని స్ఫురింపదు. తిరిగి వచ్చిన బిడ్డ నుదుట విభూతి ఉండును, నల్లబల్ల మీద ఉన్నది మాత్రము తెలియదు. దానిపై వచ్చు పాఠము తెలియదు, ఆపై వచ్చునదియు తెలియదు. ఒక దినము పాఠము పోయినదని మనమనుకొందుము. పోయినది పాఠము కాదు, పాఠమును పాఠముతో కట్టిన ముడి.

ప్రభుత్వము 2020 జనవరిలో అమ్మఒడి పథకమును ప్రారంభించినప్పుడు 75 శాతము హాజరు ఉండవలెనను నిబంధన ఒకటి ఉండెను. ఆ దినములలో తల్లులు నా బల్ల వద్దకు వచ్చి, "సార్, మావాడికి డెబ్బై అయిదు అయినాయా?" అని అడిగెడివారు. అయినవని చెప్పినచో సంతోషముగా పోయెడివారు. కొందరు "ఇంక కొన్ని రోజులు పనికి పంపుకుంటాము" అని చెప్పియే పోయెడివారు. నాకు ఆ అంకెను చూచినప్పుడెల్ల ఒక ఆలోచన కలిగెడిది. ఇష్టలింగపూజను మనము నూటికి 75 దినములు చేసి, నిబంధన నెరవేరినదని తృప్తిపడుదుమా? తక్కిన 25 దినములు కరసజ్జిక విప్పకుండ ఉందుమా? జ్వరముతో పడకపై ఉన్నను నీరు ముట్టక ముందు లింగమును అరచేత నిలుపుకొనెడి ఇల్లాండ్రు మనలో ఉన్నారు. ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు సంవత్సరమునకు 220 పనిదినములు జరుగవలెనని విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. అందులో నూటికి 25 అనగా 55 దినములు. రెండు నెలలకు పైగా బడి లేకుండ పోయినను కాగితము మీద ఆ బిడ్డ సరిగా వచ్చినట్లే లెక్క! ప్రభుత్వమునకు ఒక గీత గీయక తప్పదు. ఇంటికి ఆ గీత ఎందులకు?

ఇక ఆలస్యము సంగతి. బడి మానుటను తప్పని ఒప్పుకొనువారు సైతము ఆలస్యమును తప్పుగా ఎంచరు. "అరగంటే గదా సార్" అందురు. ఆ అరగంట లెక్క చూతము. దినమునకు అరగంట చొప్పున 220 దినములకు 110 గంటలు. ఆ తరగతులకు చట్టము నిర్ణయించిన బోధన ఏడాదికి 1000 గంటలు. పదింట ఒక వంతు కంటె మించి పోయినదన్నమాట. ఇది ఒక ఎత్తు. దీనికన్న పెద్ద నష్టము వేరొకటి ఉన్నది. ఆలస్యముగా వచ్చువానికి పోవు అరగంట ఎప్పుడును ఉదయపు అరగంటయే. పిల్లల బుద్ధి తేటగా నుండునని చాల బడులలో మొదటి పీరియడు గణితమునకు ఇత్తురు. 45 నిమిషముల ఆ పీరియడులో 30 నిమిషములు పోయిన పిమ్మట వాడు గుమ్మములో నిలిచి "లోపలికి రావచ్చునా సార్" అనును. అట్లు సంవత్సరము గడచిన తరువాత వానికి తెలుగు వచ్చును, సాంఘికము వచ్చును, గణితము మాత్రము రాదు. "మావానికి లెక్కల బుర్ర లేదు" అని తండ్రి తేల్చి చెప్పును. బుర్ర ఉన్నది, మొదటి పీరియడు లేదు.

కొందరు మనవారు చెప్పు కారణము ఇంకొకటి ఉన్నది. దీక్ష అయిన బిడ్డ, పూజ చేసికొని గాని కదలరాదు, అందుచేత ఆలస్యమైనదని. ఈ మాట విన్నప్పుడు నాకు ఆయ్దక్కి మారయ్య దంపతులు జ్ఞప్తికి వత్తురు. కల్యాణములో వాకిళ్లయందు రాలిన బియ్యము ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతో ఆయన భార్య లక్కమ్మ జంగమదాసోహము నడిపెడిది. ఒకనాడు మారయ్య అల్లమప్రభువుతో అనుభావగోష్ఠిలో మునిగి కాయకపు వేళను మరచినాడు. ఎదుట ఉన్నది సామాన్యుడా? శూన్యసింహాసనాధీశుడు. జరుగుచున్నది వ్యర్థ ప్రసంగమా? శివానుభవము. అయినను లక్కమ్మ ఊరకుండలేదు. నీ కాయకము నిలిచిపోయినది, లేచి పొమ్మని భర్తను హెచ్చరించినది. కాయకములో ఉన్నవాడు గురుదర్శనమునైనను, లింగపూజనైనను మరువవచ్చునన్నంత దూరము ఆ శరణులు పోయినారు. బిడ్డకు బడియే కాయకము. పూజ మానుమని నేననుట లేదు. అట్లని ఎవరైన చెప్పినచో ముందు ఖండించువాడను నేనే. పూజకును బడికిని పోటీ వచ్చినచో తెల్లవారుజామున ఒక అరగంట ముందు లేపవలసినది తల్లిదండ్రులు. లక్కమ్మ ఏ ఇంట ఉండునో ఆ ఇంటి బిడ్డకు ఆలస్యము కాదు.

ఇంతవరకు ఇతరుల తప్పులు ఎన్నితిని. నా తప్పు చెప్పకుండ ముందుకు పోవుట ధర్మము కాదు.

నేను ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరములలో ఒక బడిలో పనిచేయుచుంటిని. క్రమశిక్షణ విషయమున చాల కఠినముగా ఉండెడివాడను. గంట కొట్టిన తరువాత వచ్చినవారిని గేటు వెలుపలనే నిలువబెట్టించెడివాడను. ఏడవ తరగతిలో ఒక బాలుడు నిత్యము ఆలస్యముగా వచ్చెడివాడు. మన సమాజపు బిడ్డయే. మెడలో లింగము, చేతిలో సంచి, తల దువ్వుకొనకుండ పరుగెత్తి వచ్చి గేటు కమ్మీలు పట్టుకొని నిలిచెడివాడు. ఎందుకు ఆలస్యమైనదని గద్దించి అడిగెడివాడనే గాని, వాడు చెప్పెడి సమాధానము వినెడివాడను కాను. రెండు మాసములు అట్లే జరిగినది. ఆపై వాడు గేటు వద్దకు వచ్చుట మానివేసినాడు. హాజరుపట్టీలో ఎదురుగా గైర్హాజరు గుర్తులు వరుసగా పడినవి. కొన్నాళ్లకు పేరు కొట్టివేసితిమి. నిజము చెప్పవలెనన్న, గేటు వద్ద రభస తగ్గినదని అప్పుడు నాకు నిశ్చింతగానే ఉండెను.

వాడు ఎందుకు ఆలస్యముగా వచ్చెడివాడో చాల కాలమునకు వాని పినతండ్రి వలన వింటిని. ఇంటిలో రెండు ఎనుములు. తండ్రికి కాలు విరిగి మంచము పట్టినాడు. ఉదయము పాలు పిండి, పాలకేంద్రమునకు మోసికొని పోయి, కొలత వేయించుకొని, చీటీ తల్లికి ఇచ్చి, అక్కడి నుండి బడికి పరుగెత్తెడివాడు. పాలబండి ఆలస్యమైనచో వాడును ఆలస్యమగును. ఆ సంవత్సరమే మా ఊరి మఠములో నేను గొడగూచి కథను ప్రవచనముగా చెప్పియుంటిని. పాలు మోసెడి బిడ్డను గేటు వెలుపల నిలిపి, పాలు మోసిన బిడ్డ కథను లోపల చెప్పినవాడను నేను.

ఆ కథలో ఉత్తరార్ధమొకటి ఉన్నది. తండ్రి తిరిగి వచ్చి, పాలు దేవుడు త్రాగినాడన్న కూతురి మాట నమ్మడు. నీవే త్రాగితివని అదలించి కోపించును. అదివరకు నేమము తప్పని ఆ మహానుభావుడే బిడ్డ మాట వినునంతటి ఓర్పు లేక తప్పినాడు. పిల్ల పరుగెత్తి లింగమును శరణు జొచ్చినది, శివుడు ఆమెను తనలో కలుపుకొనినాడు. ఈ భాగము చెప్పునప్పుడు నేటికిని నా గొంతు తడబడును.

ఆ బాలుని మరల చూచినది ఆదోని పత్తి మార్కెట్టులో. మా అన్నగారి పత్తి అమ్ముటకు తోడుగా పోయియుంటిని. భుజమున బోరెము మోయుచున్న ముప్పదియేండ్ల మనిషి నన్ను చూచి, బోరెము దించి, శరణార్థి సార్ అని నమస్కరించినాడు. ముఖమున కోపము లేదు, కష్టము పెట్టినానన్న తలంపే లేదు. అదియే నాకు ఎక్కువ బాధ కలిగించినది. క్షేమసమాచారములు అయిన పిమ్మట జేబులో నుండి ఒక తూకపు చీటీ తీసి, "దీంట్లో ఎంత రాసినారో చూడండి సార్" అన్నాడు. చదివి చెప్పితిని. వాడు వేళ్ల మీద లెక్కించుకొని తల ఊపినాడు. ఏడవ తరగతి వరకు చదివినవాడు అభ్యాసము లేక అక్షరములను పోగొట్టుకొనినాడు. నేను ఒక్క సాయంకాలము వాని ఇంటికి పోయి యున్నచో, పాలకేంద్రమునకు తల్లిని పొమ్మని చెప్పి యున్నచో, లేదా పాలబండి ఆలస్యమైన దినములలో గేటు తెరచి యున్నచో సరిపోయెడిది. నాటి నుండి ఆలస్యముగా వచ్చిన బిడ్డను ముందు లోపలికి పిలిచి కూర్చుండబెట్టి, కారణము మధ్యాహ్న భోజన సమయమున అడుగుచున్నాను. నాలుగు దినములు వరుసగా రానిచో అయిదవ దినము ఇంటికి పోవుచున్నాను. ఇది గొప్ప చెప్పుకొనుటకు వ్రాయలేదు. గురుస్థానమున ఉన్నవాడు నేమము తప్పినచో ఏమగునో చెప్పుటకు వ్రాసితిని.

ఇక బాలికల విషయము. బసవేశ్వరుడు ఉపనయనమును నిరాకరించిన కథ అందరికి తెలిసినదే. అక్క నాగమ్మకు లేని సంస్కారము తనకేల అని ప్రశ్నించినట్లు మన సంప్రదాయములో చెప్పుకొందురు. మన ఇండ్లలో ఇప్పుడేమి జరుగుచున్నది? పత్తి తీయు దినములలో తల్లి చేనికి పోవును. పాలు త్రాగు తమ్ముని ఎత్తుకొనుటకు అక్క ఇంట నిలుచును. తమ్ముడు పెద్దవాడై బడికి పోవునాటికి అక్క బడి మరచిపోవును. అక్కకు లేనిది తనకు వలదన్న వాని పేరు చెప్పుకొని బ్రతుకు మనము, తమ్ముని కొరకు అక్క చదువును అమ్ముకొనుచున్నాము. అనుభవమంటపమున వచనములు చెప్పిన శరణులలో స్త్రీలు ముప్పదికి పైగా ఉన్నారు. చాకలివాడును, పడవ నడుపువాడును, త్రాళ్లు పేనువాడును, రాలిన బియ్యము ఏరినవాని భార్యయు పన్నెండవ శతాబ్దమున తమ మాటను లోకమునకు మిగిల్చి పోయినారు. వారి సంతతి అని చెప్పుకొనువారి ఇంట పదియేండ్ల పిల్ల హాజరుపట్టీలో గైర్హాజరుగా నిలుచుట సిగ్గుచేటు.

మా పశ్చిమ కర్నూలు పల్లెలలో వలస అను పెద్ద కష్టము ఉన్నది. సంక్రాంతి దాటిన తరువాత కుటుంబములకు కుటుంబములు గుంటూరు ప్రాంతమునకు మిరప కోతలకు పోవును. ఇంటికి తాళము, పిల్లలు లారీలో. వార్షిక పరీక్షలు దగ్గరపడు కాలమున తరగతి గదిలో సగము బల్లలు ఖాళీ. ఇందులో రెండు విధములవారు ఉన్నారు. ఇద్దరిని ఒక గాటను కట్టరాదు.

మొదటివారు, పోయినను పోకున్నను తిండికి లోటు లేనివారు. పిల్లవాడును నాలుగు కాయలు కోసినచో అప్పు త్వరగా తీరునని, లేక పెండ్లికి బంగారము కొనవచ్చునని తీసికొని పోవువారు. బిడ్డ చేత పని చేయించుటయు కాయకమే గదా అని వీరిలో ఒకరు నాతో వాదించినారు. కాదు. అది తండ్రి కాయకమును బిడ్డ నెత్తిన పెట్టుట. ఇందాకటి మారయ్య కథలో మిగిలిన ముక్క వీరికే చెప్పవలెను. లేచి పోయిన మారయ్య ఆనాడు కావలసిన దానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. మనకు ఈ దినమునకు ఇంతియే చాలును, ఈ ఎక్కువ ఆశను ఎక్కడ తెచ్చితివో అక్కడనే పోసి రమ్మని వెనుకకు పంపినది. కూలి డబ్బులలో బిడ్డ చేతి సంపాదన ఆ ఎక్కువ బియ్యమే.

రెండవవారు, పోకున్నచో నిజముగా పొయ్యి రాజనివారు. వీరికి లక్కమ్మ కథ చెప్పుటకు నాకు నోరు రాదు. బిడ్డను ఎవరి వద్ద విడిచి పోదురు? ప్రభుత్వము వలసల కాలమునకు సీజనల్ హాస్టళ్లు నడిపినది. అవి అన్ని ఊళ్లకు, అందరు పిల్లలకు చాలలేదు. కావున ఇక్కడ నా విన్నపము మఠములకు.

తుమకూరు సిద్ధగంగ మఠమును చూచినవారు మన పాఠకులలో చాలమంది ఉందురు. 1941లో మఠాధిపత్యము వహించి, 2019 జనవరి 21న 111 యేండ్ల వయస్సున లింగైక్యము చెందిన శ్రీ శివకుమార మహాస్వాములవారు కులమతములు విచారింపక సుమారు పదివేల మంది బాలురకు అన్నము, అక్షరము, ఆశ్రయము సమకూర్చినారు. దాసోహమునకు ఆ మూడు ముఖములను వారు చూపినారు. మన మఠములకు అంత శక్తి లేదు, నిజమే. పదివేల మందిని ఎవరు అడుగుచున్నారు? సంక్రాంతి నుండి ఏప్రిల్ వరకు మూడు నెలలు, పదిమంది పిల్లలు, మఠపు వసారా, రాత్రికి సంగటి, చారు. మధ్యాహ్నము బడిలో భోజనము ఎట్లును ఉన్నది. 2003 నుండి మన రాష్ట్రములో వండి పెట్టుచున్నారు. ఉదయము పిల్లలను లేపి, స్నానము, పూజ ముగింపించి, గంటకు పావుగంట ముందు బడి వాకిట నిలుపు ఒక మనిషి కావలెను. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు మన సమాజమున లేరా? కొద్ది సంవత్సరములలో నేనును ఆ వరుసలో చేరుదును. నా పేరు ఇప్పుడే వ్రాసికొనవచ్చును.

పీఠాధిపతులకు ఇంకొక మనవి. దీక్షలకు, పట్టాధికారోత్సవములకు, సామూహిక వివాహములకు తిథి నిర్ణయించునప్పుడు పంచాంగమును చూచెడి శాస్త్రిగారితో పాటు బడి సెలవుల పట్టికను చూచెడివానిని ఒకనిని కూర్చుండబెట్టుడు. వైశాఖమాసమున బసవజయంతి వచ్చును. పిల్లలకు వేసవి సెలవులును ఆ దరిదాపులనే వచ్చును. దీక్షలకు అంతకన్న మంచి కాలమేది? పాదపూజకు వచ్చిన తల్లిదండ్రులను ఆశీర్వదించుచు, మీ బిడ్డ ఈ నెలలో ఎన్ని దినములు బడికి పోయినాడని స్వామివారు ఒక్క ప్రశ్న వేసినచో, దాని బలము మా ఉపాధ్యాయులు పది నోటీసులు పంపినను రాదు. మా ఊరి మఠములో గత శ్రావణమాసమున స్వామివారు ఒక సోమవారము అట్లే అడిగినారు. జవాబు చెప్పలేని తండ్రి ఒకడు మరునాడు ఉదయము బడికి వచ్చి, నా ముందు నిలిచి, హాజరుపట్టీలో తన కొడుకు పేరు ఎక్కడ ఉన్నదో చూపమన్నాడు. వ్రేలు పెట్టి చూపితిని. ఆ నెలలో పదకొండు దినములు ఖాళీగా ఉండెను. ఆయన వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకొని, ఏ దినము ఎందుకు మానిపించినాడో తనలో తాను గొణుగుకొనుచు చాలసేపు అక్కడనే నిలుచుండినాడు.